ఏడో లైను దగ్గర ఆగిపోయిన జాబితా

రోజూ పొద్దున కుర్చీలో కూర్చోగానే ఆమె చేసే మొదటి పని, ఒక ఒట్టి బాణం గుర్తు కొట్టి ఎంటర్ నొక్కడం. చేతిసంచి ఇంకా భుజానే ఉంటుంది. టీ ఇంకా రాదు. కిటికీ తలుపు కూడా తెరవదు. ముందు బాణం పడాలి, ఆ తర్వాతే మిగతా లోకం.

ఆమె రాసే కంప్యూటర్ భాషలో బాణం అంటే ఫలానా లైనుకి వెళ్లమని. పక్కన ఐదు వేస్తే ఐదో లైనుకి పోతుంది. సున్నా వేస్తే, ఫంక్షన్ అనే ఆ లైన్ల మూటలోంచి బయటికొచ్చి, పిలిచినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లిపోతుంది. పక్కన లెక్క వేశాక ఒక్క అంకె కూడా మిగలని ఖాళీ వరుస వస్తే ఎటూ దూకక్కర్లేదు, కింది లైనుకి నడిస్తే చాలు. బాణం పక్కన అసలేమీ లేకపోతే మాత్రం మొత్తం వదిలెయ్యమని అర్థం. ఏదో తప్పు తగిలి సగంలో ఆగిన పనులు, వాటిని పిలిచిన పనులు, ఆ పిలిచినవాటిని పిలిచినవి, ఒకదాని మీద ఒకటి పేరుకుని జవాబు కోసం నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. ఒట్టి బాణం పడితే అవన్నీ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టుకుపోతాయి. నిన్నటి అంట్లలో ఇవాళ వండకూడదని ఆమె పట్టుదల.

ఆ అలవాటు వల్లా, కీబోర్డు మీద అతికించిన గుర్తుల స్టిక్కర్ల వల్లా ఆఫీసులో అందరికీ ఆమె బాణాలక్క. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు.

ఆఫీసంటే పెద్దదేమీ కాదు. పాత భవనం రెండో అంతస్తులో మూడు గదులు, ఎప్పుడూ పనిచెయ్యని ఒక లిఫ్టు. కిడ్నీలు చెడిపోయి, ఇంకొకరి కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా అక్కడ తయారవుతుంది. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకుని దానం చేసిన కిడ్నీ ఒకటి దొరికిందంటే, అది ఎవరి ఒంటికి సరిపడుతుందో చూసి, సరిపడేవాళ్లలో ఎవరికి మార్కులు ఎక్కువుంటే వాళ్లకి ఫోను చేస్తారు. మార్కులు లెక్కగట్టే ప్రోగ్రామ్ బాణాలక్కది. పంతొమ్మిదేళ్లుగా ప్రతి సోమవారం అదే జాబితా ఇస్తోంది.

మామూలు భాషలో అయితే ఒక్కో రోగి దగ్గరా ఆగి, నీకు జ్వరముందా, ఉంటే పక్కకి జరుగు, లేకపోతే ముందుకు రా అని పద్నాలుగు వందల సార్లు అడగాల్సి వచ్చేది. ఆమె భాషలో ఆ అడగడాలుండవు. పద్నాలుగు వందల మార్కులు కలిపి ఒక వరుస. దాని పక్కన పద్నాలుగు వందల ఒకట్లూ సున్నాలూ ఇంకో వరుస. ఆపరేషన్ చేయించుకునే స్థితిలో ఉన్నవాడికి ఒకటి, జ్వరంతో ఉన్నవాడికీ, వద్దనుకున్నవాడికీ, పోయినవాడికీ సున్నా. రెండు వరుసల్నీ గుణిస్తే సున్నా పక్కనున్నవాళ్ల మార్కులు మాయమైపోతాయి. ఒకే లైను. అందరూ ఒక్క అడుగులో కదులుతారు, ఎవడి కోసమూ ఆగడం ఉండదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రమే బాణాలక్క గొంతు కాస్త పెద్దదయ్యేది.

ఆ పద్నాలుగు వందల మందిలో ఒకడు ఆమె తమ్ముడు.

అతను తాళాలవాడు. ఇంటి కింద గదే దుకాణం. పోయిన తాళంచెవులకి మారు చేసి ఇవ్వడం, బిగుసుకుపోయిన తాళాలు విప్పడం అతని పని. పన్నెండేళ్ల కిందట రెండు కిడ్నీలూ మూలపడితే తల్లి తనది ఒకటి ఇచ్చింది. అది ఆరేళ్లు పనిచేసింది. తర్వాత అదీ పోయింది, ఇంకో రెండేళ్లకి తల్లీ పోయింది. తల్లి కిడ్నీని తిప్పికొట్టడం నేర్చుకున్న ఒళ్లు ఇక ఏ కిడ్నీనీ దగ్గరికి రానివ్వడం మానేసింది. వందలో తొంభై ఏడు అతనికి పనికిరావు. అక్కది మొదటి పరీక్షలోనే పనికిరాదని తేలింది.

"నా తాళానికి వందలో మూడే చెవులు పడతాయట," అనేవాడు డయాలసిస్ హాల్లో పక్క కుర్చీవాళ్లతో. "తాళాలవాడికే ఇట్లాంటి తాళం వేశాడు చూడు, వాడెవడో గట్టి పనివాడు."

అలాంటివాళ్లకి సరిపడే కిడ్నీ ఏళ్లకొకసారి కూడా రాదు. అందుకే వచ్చినప్పుడు చెయ్యి జారిపోకుండా, వాళ్లకి అదనపు మార్కులు కలపాలని నియమం. ప్రోగ్రామ్‌లో ఆ నియమం కూడా ఒక లైనే. దాన్ని రాసిందీ బాణాలక్కే, తమ్ముడు జాబితాలోకి రాకముందే.

తమ్ముడి నంబరు జాబితాలో చేరిన రోజున ఆమె డైరెక్టరుకి ఒక ఉత్తరం ఇచ్చింది. ఆ నంబరున్న వరుస నేను చూడను, జాబితా సరిచూసేటప్పుడు మొత్తం ఎంతమంది, ఖాళీలు ఏమైనా ఉన్నాయా అన్నంతవరకే చూస్తాను, పేర్లూ స్థానాలూ చూడను అని. ఆరేళ్లు ఆ మాట తప్పలేదు. తమ్ముడు మాత్రం వదిలేవాడు కాదు.

"ఇంతకీ నేను ఎన్నోవాణ్ణక్కా?"

"తెలీదు."

"రాసేది నువ్వు, తెలీదంటే ఎట్లా? వండినావిడకి ఉప్పు తెలీదన్నట్టుంది."

ఆమె నవ్వి ఊరుకునేది. తెలీకపోవడమే తన నిజాయితీ అనుకునేది.

మొన్న వేసవిలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు దాటిన వేళ. వయసుని బట్టి ఇచ్చే మార్కుల్లో చిన్న మార్పు చెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది. మార్చింది. సరిగ్గా పడ్డాయా లేదా అని మధ్యలో అంకెలు ఒకసారి కళ్లతో చూసుకుందామనుకుంది. ఫంక్షన్‌లో ఆరో లైను కింద, ఏడో లైనుగా, మార్కుల వరుస పేరు ఒక్కటీ రాసింది. ముందూ వెనకా ఏమీ లేదు, ఒట్టి పేరు.

పాత పద్ధతి ఫంక్షన్లలో అది ఆమెకి పాతికేళ్ల అలవాటు. అక్కడ ఒట్టి పేరు రాస్తే దాని విలువ తెర మీద కనబడుతుంది, పని కింది లైనుకి సాగిపోతుంది. గుమ్మంలో నిలబడి ఎవరొచ్చారో చూసినట్టు, అంతే. జవాబేమిటన్నది మొదటి లైనులో ఒక పేరు పెట్టి చెబుతారు, చివరికి ఆ పేరులో ఏముంటే అదే తిరిగి వెళ్తుంది. మధ్యలో ఎన్ని చూపించినా నష్టం లేదు.

కానీ ఈ ఫంక్షన్‌ని మూడేళ్ల కిందట ఆమే కొత్త పద్ధతిలో తిరగరాసింది. అటూ ఇటూ మీసాల్లాంటి బ్రాకెట్లు, మధ్యలో లైన్లు. ఈ పద్ధతిలో జవాబుకి వేరే పేరుండదు. ఏ లైనులో విలువని ఎందులోనూ దాచకుండా ఒట్టిగా వదిలేస్తే, అదే జవాబు. ఆ లైనుతో ఫంక్షన్ అయిపోయినట్టే. దాని కింద ఎన్ని లైన్లున్నా ఎవరూ అటు నడవరు. ఈ సంగతి ఆమెకి తెలియక కాదు. పదిమందికి నేర్పింది కూడా.

ఎంటర్ నొక్కింది. తెర నిండా అంకెలు వచ్చాయి. ఏవి చూడాలనుకుందో అవే వచ్చాయి. అవి చూపించిన అంకెలు కావు, ఫంక్షన్ తిరిగి ఇచ్చేసిన జవాబు. రెండూ తెర మీద ఒక్కలాగే ఉంటాయి. ఒక సెకను ఆగి ఉంటే తేడా తట్టేదేమో. అప్పుడే ఫోను మోగింది. డయాలసిస్ హాలు నర్సు. తమ్ముడి మెడ దగ్గరి గొట్టం మూసుకుపోయింది, తొందరగా రమ్మంది. చేసింది భద్రం చేసి, సంచి అందుకుని, మెట్ల మీద పరుగెత్తింది.

మూడు రోజులు ఆసుపత్రిలోనే గడిచాయి. చేతుల్లో నరాలు ఎప్పుడో అయిపోయాయి, మెడలో ఇప్పుడు అయిపోయాయి. చివరికి తొడలోంచి గొట్టం వేశారు. డాక్టరు ఆమెని వరండాలోకి పిలిచి చెప్పింది, ఇక ఒంట్లో ఇంకో చోటు లేదని. ఇది పనిచేసినన్నాళ్లే. ఏడాది అనుకోండి, ఎక్కువ అనుకోవద్దు అంది.

శుక్రవారం తిరిగొచ్చాక ఏడో లైను సంగతి ఆమెకి గుర్తులేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. గుర్తుంది. చూపిస్తే చూపించనీ, తీరిక దొరికినప్పుడు తీసేద్దాం అనుకుంది. పాతికేళ్లలో అలాంటి లైను ఎవరికీ చెడు చెయ్యలేదు. సోమవారం జాబితా సరిచూసింది. పద్నాలుగు వందల మందీ ఉన్నారు, ఒక్క ఖాళీ లేదు. వరుస పొడవు సరిపోతే చాలు, ఆ మార్కుల్ని తీసుకుని జాబితా కట్టే తర్వాతి ఫంక్షన్ ఇంకేమీ అడగదు. ఆమె కూడా ఇంకేమీ అడగలేదు. జాబితా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకో నాలుగు సోమవారాలు అలాగే వెళ్లింది.

ఐదో జాబితా వెళ్లిన వారమే, బుధవారం పొద్దున, రోగుల ఇళ్లకి ఫోన్లు చేసే ఆవిడ లోపలికొచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆఫీసులో అందరూ ఫోనమ్మ అంటారు. గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"అక్కా, పోయినవాళ్లకి కూడా మార్కులు వేస్తున్నామా మనం?"

పొద్దున ఒక కిడ్నీ దొరికిందట. జాబితాలో మొదటివాళ్ల ఇంటికి ఫోను చేసిందట. ఎత్తింది ఆ ఇంటావిడట.

"ఆయన పోయి తొమ్మిది రోజులైందమ్మా, ఇప్పుడు పిలుస్తున్నారా అంది అక్కా. మనం ఆ సంగతి కంప్యూటర్లో ఎక్కించాం కూడా. నేనే ఎక్కించాను. నేను ఆవిడకి ఏం చెప్పాలి?"

పోయినవాళ్ల పక్కన సున్నా ఉంటుంది. సున్నాతో గుణించాక మార్కులుండవు. మార్కులున్నాయంటే గుణించలేదన్నమాట. గుణించే లైను తొమ్మిదోది. బాణాలక్క ఫంక్షన్ తెరిచింది. ఒకటి నుంచి చదువుకుంటూ దిగింది. ఏడో లైను దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

మార్కుల వరుస పేరు. ముందూ వెనకా ఏమీ లేదు.

చూపించి ముందుకి పోతుందనుకున్నది, చూపించి వెళ్లిపోయింది. ఎనిమిదో లైను, తొమ్మిదో లైను ఐదు వారాలుగా అడుగుపెట్టినవాళ్లు లేని గదుల్లా ఉన్నాయి. తొమ్మిదోది, పోయినవాళ్లనీ జ్వరాలవాళ్లనీ తీసేసే లైను. ఎనిమిదోది ఏమిటో ఆమె చూడక్కర్లేదు. అయినా చూసింది. సరిపడే కిడ్నీ దొరకడం కష్టమైనవాళ్లకి అదనపు మార్కులు కలిపే లైను.

ఏడో లైను తీసెయ్యడానికి ఒక్క మీట చాలు. తీసేసింది. ఫోనమ్మకి సరైన జాబితా ఇచ్చి పంపింది. ఆ తర్వాత తలుపు వేసుకుని, ఐదు వారాల సమాచారాన్నీ బయటికి తీసి, ఐదు జాబితాల్నీ మళ్లీ కట్టింది. ఆ ఐదు వారాల్లో, ఆ పొద్దుటిది కాక, ఆరు కిడ్నీలు వచ్చాయి. తప్పు జాబితాలో ఎవరికి వెళ్లాయి, ఒప్పు జాబితాలో ఎవరికి వెళ్లుండేవి అని ఒక్కోటీ పక్కపక్కన పెట్టింది. మొదటిది తేడా లేదు. రెండోదీ లేదు. మూడు, నాలుగు, ఐదు. ఆమెకి ఊపిరి ఆడడం మొదలైంది. గండం గడిచిందేమో, ఏ పాపమూ అంటకుండా బయటపడ్డానేమో అనుకుంది. ఆరోది, నాలుగో వారం గురువారం వచ్చింది. అక్కడ రెండు నంబర్లు వేరు.

కిడ్నీ వెళ్లింది ఒక బడి వ్యాను డ్రైవరుకి. వెళ్లాల్సింది ఇంకో నంబరుకి. ఆ నంబరు ఆమెకి తన ఇంటి తలుపు నంబరు కంటే బాగా తెలుసు. ఆరేళ్లుగా అది కనబడే చోటల్లా చూపు పక్కకి తిప్పుకుంది కాబట్టి ఇంకా బాగా తెలుసు.

మళ్లీ నడిపింది. అదే నంబరు. కాగితం మీద చేత్తో కూడింది. అదే. వందలో మూడు చెవుల్లో ఒకటి వచ్చి, గుమ్మం దాకా వచ్చి, పక్కింటికి వెళ్లిపోయింది. ఎనిమిదో లైను నడిచుంటే అతని స్థానం నాలుగు, పైనున్న ముగ్గురికీ ఆ కిడ్నీ పడదు. నడవకపోయేసరికి రెండు వందల పదహారు. మొదటి సోమవారం తను ఆ వరుస ఒక్కసారి చూసుంటే, నాలుగు ఉండాల్సిన చోట రెండు వందల పదహారేమిటని అప్పుడే పట్టుకునేది. ఆ జాబితాలో ఒక మనిషి స్థానం తప్పిందని కళ్లతో చూసి చెప్పగలిగింది లోకంలో ఆమె ఒక్కతే. ఆమే చూడనని రాసిచ్చింది.

డైరెక్టరు ఒకప్పటి సర్జను. ఇప్పుడు చేతులు వణుకుతాయి కాబట్టి సంతకాల పనికి వచ్చాడు. మొత్తం విన్నాడు. నాలుగుసార్లు కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వ్యాను డ్రైవరు ఆరో రోజునే లేచి నడిచాడని, ఒంట్లో పెట్టినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరని అన్నాడు. ఆమె అది అడగడానికి రాలేదంది. మరి ఎందుకొచ్చారని ఆయన అడగలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సోమవారం జాబితాలో ఆ నంబరుకి ముప్పై మార్కులు కలపండమ్మా. ఫైల్లో నేను రాసుకుంటాను. కంచే చేను మేసిందని ఎవరూ అనరు. పోయింది మీ చేనేగా."

ఆమె లేచి వచ్చేసింది.

మర్నాడు గురువారం, తమ్ముడి డయాలసిస్ రోజు. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లింది. హాల్లో ఎనిమిది కుర్చీలు, ఎనిమిది యంత్రాలు. తొడలో గొట్టం కాబట్టి అతన్ని మంచం మీద పడుకోబెట్టారు. పక్కనున్న ముసలాయనకి ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. అక్క ముఖం చూడగానే ఆపేశాడు.

ఆమె దాచకుండా చెప్పింది. పెద్ద చదువు చదవకపోయినా తాళాలు తెలిసినవాడు. ఒక మెట్టు ముందే తిరిగి ఆగిపోతే తాళం తెరుచుకోదని అతనికి వేరే చెప్పక్కర్లేదు. రక్తాన్ని తిప్పే చక్రం వైపు చూస్తూ విన్నాడు.

"అంటే నాకు పడే చెవి వచ్చిందన్నమాట."

"వచ్చింది."

"ఎవరికిచ్చారు?"

"ఒక వ్యాను డ్రైవరుకి."

"బాగున్నాడా?"

"నడుస్తున్నాడట."

ఇప్పుడొక జోకు వేస్తాడని ఆమె ఎదురుచూసింది. చిన్నప్పటి నుంచీ అతను అంతే. తల్లి పోయిన రోజు కూడా ఏదో అని అందరినీ ఏడుపు మధ్యలో నవ్వించాడు. ఆ జోకు వస్తే తను బతికిపోతుంది. రాలేదు. డైరెక్టరు ఏమన్నాడని అడిగాడు. ముప్పై మార్కుల మాట చెప్పింది.

"కలిపెయ్ మరి."

"అట్లా ఒక్కడికి కలపకూడదురా. అది..."

"నాకు నీతులు చెప్పకక్కా." గొంతు పెద్దది చెయ్యలేదు. పక్క మంచం ముసలాయనకి కూడా వినబడలేదు. "నోటి దగ్గరది లాగేసింది నువ్వు. నువ్వే పెట్టు. నాకు బతకాలనుంది."

అని ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఇంకో రెండున్నర గంటలు యంత్రం తిరిగింది. ఆమె స్టూలు మీద కూర్చునే ఉంది. అతను మళ్లీ ఇటు తిరగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక ఆమె ఫంక్షన్ తెరిచింది. అదనపు మార్కుల లైను కింద కొత్త లైను రాసింది. ఫలానా నంబరు ఎక్కడుందో చూసి, దానికి ముప్పై కలుపు. పొడవు అరచెయ్యంత కూడా లేదు. ఆ ప్రోగ్రామ్‌లో పంతొమ్మిదేళ్లలో ఒక మనిషి నంబరు పడడం అదే మొదలు. నడిపింది. నాలుగోవాడు మొదటివాడయ్యాడు. పైనున్న ముగ్గురూ ఒక్కో మెట్టు దిగారు.

ఈసారి ఆమె కళ్లు తిప్పుకోలేదు. ఆ ముగ్గురి వరుసలూ చదివింది. ఒకరు ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఒకరికి ఇరవై మూడేళ్లు. మూడోవారి గడిలో గొట్టం వేసిన చోటు రాసుంది. తొడ.

అరగంట అలాగే కూర్చుంది. ఆ తర్వాత లైను తీసేసింది. ఆమెది మంచితనమని తర్వాత ఫోనమ్మ అందరికీ చెప్పింది గానీ, బాణాలక్క అది ఒప్పుకోలేదు. అందులో సగానికి పైగా భయమే. ఊరికే చూద్దామని పెట్టిన ఒక లైను ఏం చేసిందో కళ్లముందుంది. ఇంకో లైను దొంగతనంగా పెడితే, ఎప్పుడో ఒకరోజు ఎవరో తెరిచి ఈ నంబరు ఎవరిదని అడుగుతారు. ఆ రోజు తమ్ముణ్ణి జాబితాలోంచే కొట్టేస్తారు.

కానీ చేతులు ముడుచుకుని ఊరుకోనూ లేకపోయింది. ఇంకో దారి వెతికింది. తనకి తెలిసిన దారి ఒక్కటే. ఒక్కడి కోసం కాకుండా, అందరి కోసం ఒక వరుస. ఆఫీసు తప్పు వల్ల పిలుపు అందకుండా పోయినవాళ్లకి ఒకటి, మిగతావాళ్లకి సున్నా. ఆ వరుసని ముప్పైతో గుణించి మార్కులకి కలపాలి. ఇవాళ అందులో పద్నాలుగు వందల సున్నాల మధ్య ఒకే ఒక్క ఒకటి. రేపు ఇంకొకరి తప్పుకి ఇంకొకరు బలైతే వాళ్లకీ ఒకటి పడుతుంది. జవాబు మాత్రం దొంగ లైను ఇచ్చిన జవాబే. అతను మొదటివాడు, ముగ్గురు ఒక్కో మెట్టు కిందికి. ఆ ముగ్గురిని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి అన్నం సయించదు. అయినా రాసింది.

అలాంటి వరుసని చేర్చే అధికారం ఆమెకి లేదు, డైరెక్టరుకీ లేదు. నియమాల కమిటీకే ఉంది. జరిగినదంతా ఆరు పేజీలు రాసింది. తన ఏడో లైనుని మొదటి పేజీలోనే, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసింది. డైరెక్టరు చదివి, ఇది బయటికెళ్తే మీ ఉద్యోగం సంగతి ఆలోచించారా అన్నాడు. ఆలోచించానంది. తమ్ముడి కోసం రాసిన నియమమని అనరా అన్నాడు. అంటారు సార్, అది నిజమే కదా అంది.

కమిటీలో ఐదుగురు. మొదటి సమావేశంలో ఆమెని నిలబెట్టి అడిగారు. అందులో ఒక లాయరుండేవాడు, కాగితం మీద ఏడో లైను కింద ఎర్ర గీత గీసుకొచ్చాడు.

"చూపించే లైనుకీ, తిరిగి ఇచ్చే లైనుకీ తేడా తెలియకుండా ఇన్నేళ్లు ఎలా పనిచేశారండీ మీరు?"

"తెలుసండి. చేతికి తెలియలేదు."

ఎవరో నవ్వారు. లాయరు నవ్వలేదు, ఏదో రాసుకున్నాడు. మీ తమ్ముడు కాకపోతే ఈ నియమం రాసేవారా అని ఇంకొకావిడ అడిగింది. ఆమె తెలియదండి అంది. అదొక్కటే ఆ రోజు తను చెప్పిన సరైన జవాబని ఆమె నమ్మకం.

రెండో సమావేశంలో, దిగిపోయే ముగ్గురి తరఫునా ఎవరైనా మాట్లాడాలి కదా అన్నారు. న్యాయమైన మాటే. మాట్లాడేవాళ్లని ఎంపిక చెయ్యడానికి నెలన్నర పట్టింది. మూడో సమావేశం ఇద్దరు సభ్యులు రాక వాయిదా పడింది. ఈలోగా తొడలోని గొట్టం ఒకసారి మూసుకుపోయింది. అతి కష్టం మీద మళ్లీ తెరిచారు. ఇంకోసారి తెరవగలమో లేదో చెప్పలేమన్నారు.

ఆ గురువారం తర్వాత తమ్ముడు పదహారు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరే ఉండే ఇల్లు. పైన వంట, కింద దుకాణం. కింద ఆకురాయి తాళంచెవిని గీస్తున్న చప్పుడు వినబడినన్నాళ్లు ఆమె పైన వంట చెయ్యగలిగేది. చప్పుడు ఆగితే గరిటె పట్టుకుని మెట్ల దాకా వచ్చి నిలబడేది. పదిహేడో రోజు అన్నం తింటూ అతను తలెత్తాడు.

"కూరలో ఉప్పు లేదు. వండినావిడకి తెలీదులే."

ఆమె ఉప్పు డబ్బా అతని ముందు పెట్టి, లోపలికెళ్లి కొళాయి తిప్పి కాసేపు అక్కడే నిలబడింది.

ఇప్పుడు ఆమెని కీబోర్డు ముట్టుకోనివ్వడం లేదు. విచారణ ముగిసేదాకా అంతేనన్నారు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లంతా వేరే ఉద్యోగాలకి వెళ్లిపోయి, ఆ గుర్తులు చదవగలిగేవాళ్లు ఇప్పుడు ఇంకెవరూ లేరు కాబట్టి ఉద్యోగంలోంచి తీసెయ్యనూ లేదు. కీబోర్డు దగ్గర వేరే ఆవిడ కూర్చుంటుంది. బాణాలక్క పక్కన స్టూలు మీద కూర్చుని, అచ్చు కాగితం చూస్తూ ఒక్కో గుర్తూ చదివి చెబుతుంది. కొత్తావిడ పొద్దున రాగానే ఒట్టి బాణం వెయ్యదు. సగంలో ఆగిపోయిన పనులు ఎక్కడివక్కడే జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. తుడిచెయ్యమని బాణాలక్క చెప్పదు.

వరుస చూడనని ఇచ్చిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. సోమవారం జాబితా అచ్చయి రాగానే ముందు ఆ నంబరే వెతుకుతుంది. సాయంత్రం అతను అడిగితే ఇప్పుడు చెబుతుంది. ఈ సోమవారం నాలుగు. కమిటీ నాలుగో సమావేశానికి ఇంకా తేదీ వెయ్యలేదు.